ముందు రింగు

రూబెన్ తన కుక్కను తన చేత్తోనే కాల్చుకుని ఇంటికి వెళ్లిపోయాడు. గొర్రెపిల్లలు మాత్రం చస్తూనే ఉన్నాయి. పోయినవారం కథ అక్కడ ఆగింది.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను. నా పేరు లానెట్. మాది దక్షిణ డకోటాలో పడమటి మూల, గాలికి తప్ప ఇంకెవరికీ తీరిక లేని చోటు. మా ఆయన కర్టిస్ ఉత్తరాన చమురు బావుల దగ్గర పని చేస్తాడు. ఎప్పుడో వస్తాడు, వచ్చి నిద్రపోతాడు. ఇంట్లో ఉండేది నేనూ, మా మామగారు ఎల్డనూ, చనిపోయిన మా అత్తగారు ఐరీన్ పెంచుకున్న టిప్ అనే బూడిదరంగు కుక్కా. పశువులు మామగారివి. గొర్రెలు నావి, మొదటి పిల్ల దగ్గర్నుంచీ నేనే కూడబెట్టుకున్నాను.

రూబెన్‌కూ మాకూ మధ్య ఒక్క కంచే అడ్డం. వాళ్ల కుర్ర కుక్క జిగ్స్, చచ్చిన మా గొర్రెపిల్ల పక్కన మూతి నాక్కుంటూ కనబడింది. మా వైపు ఒక పద్ధతి ఉంది. గొర్రె రుచి మరిగిన కుక్కను దాని యజమానే కాల్చాలి. ఎవరూ అడగరు, ఎవరూ బతిమాలరు. రూబెన్ దాన్ని షెడ్డు వెనక్కి తీసుకెళ్లాడు. ఒక్క శబ్దం వినిపించింది, అంతే. ఆ తర్వాత కూడా పిల్లలు పోతూనే ఉంటే, ఇది కుక్క పని కాదు, కయోటీల పనే అని అందరూ తేల్చేశారు. నక్కకు కొంచెం ఎక్కువ, తోడేలుకు కొంచెం తక్కువ అయిన ఆ జంతువులకు మా వాగు లోయలో కొదవేం లేదు. అప్పట్నుంచి రూబెన్ ముఖంలోకి చూసే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

కర్టిస్ ఫోన్లో కోప్పడలేదు. అదే నాకు భయం వేసింది. ఈ ఏడు కూడా గొర్రెపిల్లలు దక్కకపోతే, ఆకులు రాలే కాలానికి గొర్రెలన్నీ అమ్మేద్దామని, నువ్వు వచ్చి నాతోపాటు ట్రైలర్‌లో ఉండు అని నెమ్మదిగా చెప్పాడు. చమురు బావుల మధ్య ఒక రేకుల పెట్టెలో కిటికీ పక్కన కూర్చోవడం ఎలా ఉంటుందో ఊహించుకున్నాను. మర్నాడే మామగారిని పికప్ బండి ఎక్కించుకుని డువేన్ కొట్టుకు వెళ్లాను.

డువేన్ దాణా అమ్ముతాడు, మందులు అమ్ముతాడు, వెనక గోడకు తగిలించి తుపాకులు అమ్ముతాడు. కయోటీలకు తుపాకీ కావాలంటే నన్ను ఎగాదిగా చూశాడు. మీ మామగారి పాత రైఫిల్ ఏమైంది, దాంతో జిల్లా అంతా ఖాళీ చేశాడుగా అన్నాడు. ఏమీ కాలేదు, దాన్ని మోసేవాళ్ల భుజాలకే అయింది అన్నాను. పాతదానికి ప్రతి గుండు తర్వాతా బోల్ట్ వెనక్కి లాగి ముందుకు తోయాలి. కయోటీలు జంటగా వస్తాయి. ఒకదాన్ని కొట్టి బోల్ట్ లాగేలోపు కన్ను స్కోప్ మీద నుంచి, అంటే తుపాకీ పైనుండే దుర్బిణి మీద నుంచి, జారిపోతుంది, మళ్లీ పెట్టి చూస్తే రెండోది పక్క జిల్లాలో ఉంటుంది. నాకు కావలసింది సెమీ ఆటోమేటిక్. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్కటే గుండు, కానీ తర్వాతిది దానంతటదే వచ్చి కూర్చుంటుంది, కన్ను తియ్యక్కర్లేదు.

మామగారు ఆ నల్ల తుపాకుల వైపు చూడనైనా లేదు. దాణా బస్తాల మీద కూర్చుని టోపీ తిప్పుకుంటున్నాడు. అవి సైన్యంలోవాళ్ల ఆటవస్తువుల్లా ఉంటాయని ఆయన అభిప్రాయం. ఆ అభిప్రాయం చెప్పడానికి కూడా ఆరోజు ఆయనకు ఓపిక ఉన్నట్టు లేదు.

డువేన్ మంచి అమ్మకందారే గానీ అబద్ధాలకోరు కాదు. సన్న బ్యారెల్‌ది ముద్దుగా ఉంటుంది, మొయ్యడానికి తేలిక, కానీ నాలుగు గుండ్లు పేలేసరికి వేడెక్కి ఎటు పడితే అటు కొడుతుంది, బరువుదే తీసుకో అన్నాడు. గుండు టూ ట్వంటీ త్రీ అనే చిన్న రకం చాలన్నాడు, అది భుజాన్ని తన్నదు, తన్నకపోతే గుండు ఎక్కడ తగిలిందో నీ కళ్లతో నువ్వే చూసుకోవచ్చు. మొనకు ప్లాస్టిక్ ముక్క ఉన్న తేలిక గుండ్లు ఇచ్చాడు. అవి తగిలినచోటే పిండైపోతాయి, రాళ్లకు తగిలి ఎగిరి గొర్రెల మీదికి పోయే భయం తక్కువ. ట్రిగ్గర్ మాత్రం గీరుకుంటూ కదలకుండా, గాజుపుల్ల విరిగినట్టు వదలాలన్నాడు. మరీ పెద్ద స్కోప్ అడిగితే వద్దన్నాడు. దాంట్లో జంతువు వెంట్రుకలు కనబడతాయి గానీ జంతువు కనబడదమ్మా, నడిమి రకం తీసుకో అన్నాడు.

ఆఖర్న ఒక మాట చెప్పాడు. స్కోప్‌ను పట్టుకునే రెండు రింగులూ తుపాకీ ఒంటి మీదే ఉండాలి. ముందు రింగు ఒక్క అంగుళం కూడా బ్యారెల్ చుట్టూ ఉండే చేతిపట్టు మీదికి పోకూడదు. పైన రింగులు బిగించే పట్టా మొత్తం ఒకటే అన్నట్టు కనబడుతుంది, కానీ అవి రెండు వేరు వేరు ముక్కలు, చేతిపట్టు బరువుకు వంగుతుంది. ఈ మాట అతను నాతో కాదు, మామగారి వైపు తిరిగి గట్టిగా చెప్పాడు. ఎందుకంటే మా వైపు ముసలాళ్లంతా చేసే తప్పు అదొక్కటే. పాత రైఫిళ్ల మీద రింగులు ఎంత ఎడంగా ఉంటే అంత గట్టి అని వాళ్లకు చేతుల్లోకి ఇంకిపోయింది. మామగారు తల ఊపాడు.

ఇంటికొచ్చాక నేను ఆశ్చర్యపోయిన సంగతి ఏంటంటే, స్కోప్ నేనే బిగిస్తాను ఇలా ఇయ్యి అన్నాడాయన. నాకు ఒళ్లు తెలియని అలసట. ఈనే కాలం వచ్చిందంటే మాకు పగలూ రాత్రీ ఒకటే. ఈ ఏడు అనాథ గొర్రెపిల్లలు మరీ ఎక్కువ. వంటగదిలో పొయ్యి పక్కన అట్టపెట్టెల్లో ఉన్నాయి, సీసాలతో పాలు పట్టాలి. తల్లి పోయిన పిల్లకు, పిల్ల పోయిన తల్లిని మరిపించడానికి మా దగ్గర ఒక మార్గం ఉంది. చచ్చిన పిల్ల చర్మం ఒలిచి, కాళ్లకు నాలుగు చిల్లులు పెట్టి, అనాథ పిల్లకు చొక్కాలా తొడుగుతాం. తల్లి వాసన చూసి తన పిల్లే అనుకుని పాలిస్తుంది. ఆ పని మామగారు చేసినంత బాగా ఈ చుట్టుపక్కల ఎవరూ చెయ్యలేరు. ఈ ఏడు మాత్రం ఒక్కటీ చెయ్యలేదు. కయోటీలు గొంతు దగ్గర్నుంచి చర్మం అంతా చీల్చేశాయి, పనికిరాదు అని, ఆ కళేబరాలు తనే తీసుకెళ్లి ఎక్కడో పూడ్చేసేవాడు. పెద్దాయన కదా, చేతులు వణుకుతున్నాయేమో, ఒప్పుకోవడానికి నామోషీ పడుతున్నాడేమో అనుకున్నాను.

అందుకే ఆయన బల్ల దగ్గర కూర్చుని, పాలసీసాలు పక్కకు జరిపి, ఆ నల్ల తుపాకీ మీద వంగి మరలు బిగిస్తుంటే నాకు సంతోషం వేసింది. చేతులు వణకలేదు. టిప్ ఆయన పాదాల మీద గడ్డం పెట్టుకుని పడుకుంది.

తర్వాత మొదలయ్యాయి నా కష్టాలు. మట్టికట్టకు ఒక అట్టముక్క ఆనించి, రెండొందల గజాల నుంచి గురి కుదర్చడానికి కూర్చున్నాను. ఇసుక సంచి మీద ఆనిస్తే గుండ్లు ఒకచోట తగిలాయి. స్కోప్ మీది మర తిప్పి సరిచేశాను. రెండు కాళ్ల స్టాండు పెట్టి కొడితే జానెడు పక్కకు తగిలాయి. మళ్లీ సరిచేశాను. చేత్తో పట్టుకుని కొడితే ఇంకోచోట. తుపాకీని అనుమానించలేదు, నన్ను నేనే అనుమానించుకున్నాను. నిద్ర లేని కళ్లు, పట్టు లేని చేతులు, ఇంకెలా తగులుతుందిలే అనుకున్నాను.

నిన్న సాయంత్రం వెలుగు తగ్గుతుండగా, కంచె మూలన సేజ్ పొదల్లో బూడిదరంగు వీపు ఒకటి కదిలింది. గొర్రెలు ఒక్కసారిగా ముద్దయ్యాయి. స్టాండు దించి, ఊపిరి బిగపట్టి నొక్కాను. కుడివైపు దుమ్ము లేచింది. వెంటనే రెండోది. ఇంకా కుడివైపు. వీపు గట్టు దాటిపోయింది. ఇంటికొస్తే మామగారు అరుగు మీద కమ్మీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. తగిలిందా అని అడిగాడు. లేదన్నాను. ఆయన అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాడు. నా ఓటమికి బాధపడుతున్నాడనుకున్నాను. భోజనాలప్పుడు టిప్ వచ్చింది, ఒళ్లంతా ముళ్లు. తన పళ్లెంలోని మాంసం ముక్క దానికి పెట్టాడు.

ఈ పొద్దున కాఫీ తాగి మళ్లీ మట్టికట్ట దగ్గరకు వెళ్లాను. తుపాకీ సంచి మీద పెట్టి, స్కోప్‌లోంచి అట్టముక్క చూస్తూ, ఊరికే ఎడంచేయి చేతిపట్టు మీద వేసి నొక్కాను. స్కోప్‌లో గురి చూసే గీతలు అట్ట మీద పక్కకు జరిగాయి. చేయి తీస్తే వెనక్కి వచ్చాయి. మళ్లీ నొక్కాను, మళ్లీ జరిగాయి. లేచి చూశాను. వెనక రింగు తుపాకీ ఒంటి మీద ఉంది. ముందు రింగు చక్కగా, నిటారుగా, ఎంతో శ్రద్ధగా చేతిపట్టు మీద కూర్చుని ఉంది.

నవ్వొచ్చింది. పాపం ముసలాయన, డువేన్ అంత గట్టిగా అరిచి చెప్పినా చేతులు పాత అలవాటే చేశాయి అనుకున్నాను. పికప్‌లోంచి పనిముట్లు తెచ్చి, రింగు ఊడదీసి, వెనక్కి జరిపి, రెండూ ఒంటి మీదే ఉండేలా బిగించాను. గురి మొదట్నుంచి కుదుర్చుకున్నాను. సంచి మీద ఆనించినా, స్టాండు మీద పెట్టినా, గుండ్లన్నీ జాడీ మూతంత చోటులోనే తగిలాయి. ఇన్నాళ్లూ నా తప్పు కాదన్నమాట. ఆ మట్టిలో కూర్చుని కొంచెంసేపు ఏడ్చాను, ఎవరూ లేరు గదా అని.

తిరిగి వస్తుంటే, ఏ అలికిడీ లేని పల్లంలో ఒక తల్లిగొర్రె తల వంచుకుని నిలబడి ఉంది. దాని కాళ్ల దగ్గర పిల్ల, ఇంకా వేడిగానే ఉంది. మామగారికంటే ముందు నేను చూసిన మొదటి కళేబరం అదే. తల్లి అక్కడే ఉంది, వంటగదిలో ఆకలి పిల్లలున్నాయి. అందుకని కత్తి తీసి నేనే చర్మం ఒలిచాను. ఒలిచి, లోపలివైపు తిప్పి గడ్డి మీద పరిచాను.

గొంతు దగ్గర ఒక్క పంటి గాటు లేదు. కయోటీ ఎప్పుడూ గొంతు పట్టుకుంటుంది. దానికి అది పని, పని ముగించి తింటుంది. ఈ పిల్ల చెవులు చిరిగాయి, పక్కటెముకల మీదా, వెనక తొడల మీదా నలిగిన గాట్లు, కింద నెత్తురు గడ్డకట్టిన మచ్చలు. ఒక్క ముక్క తినలేదు. ఇది ఆకలి కాదు, ఆట. ఇది కుక్క.

ఆ చర్మం చేతిలోకి తీసుకున్నాను. ఈ ఏడు ఒక్క పిల్లకూ చొక్కా ఎందుకు తొడగలేదో, కళేబరాలు ఎవరూ చూడకుండా ఎందుకు పూడ్చాడో, నిన్న సాయంత్రం ఆ మెట్టు మీద ఎందుకు కూలబడ్డాడో, అన్నీ ఒకటి తర్వాత ఒకటి వచ్చి కూర్చున్నాయి. కోపం రాలేదు. కోపానికీ కొంచెం బలం కావాలి.

మామగారు కొట్టంలో గడ్డిమోపు మీద కూర్చుని ఒక పిల్లకు సీసా పడుతున్నాడు. చర్మం లోపలివైపు పైకి వచ్చేలా ఆయన ఎదురుగా రెయిలింగ్ మీద ఆరేశాను. ఒకసారి చూశాడు. సీసా పట్టుకున్న చెయ్యి కదల్లేదు, పిల్ల చప్పరిస్తూనే ఉంది.

"టిప్ ఏది మామయ్యా?" అన్నాను.

"తెల్లారకముందే పోయింది. కట్టేశాను, తెంపుకుపోయింది."

"ముందు రింగు వెనక్కి జరిపాను."

ఆయన సీసాను ఇంకొంచెం పైకి ఎత్తాడు.

"కొట్లో డువేన్ చెప్పింది మీకు వినబడిందా, లేదా? అదొక్కటి చెప్పండి. వినబడలేదంటే నమ్ముతాను."

వినబడలేదంటే నిజంగానే నమ్మేదాన్ని. నమ్మి, ఆ చర్మం చిరిగిందని నేనూ అనేసి, గోతిలో వేసేదాన్నేమో. అబద్ధం ఆడటానికి ఆయనకీ ఓపిక అయిపోయింది.

"వినబడింది అమ్మాయ్," అన్నాడు. "వినబట్టే అక్కడ పెట్టాను."

బయట గాలి రేకులను తడుతోంది. పిల్ల సీసా ఖాళీ చేసి ఇంకా కావాలన్నట్టు ఆయన మోకాలిని పొడుస్తోంది. ఐరీన్ చివరి రోజుల్లో టిప్ ఆమె మంచం దిగలేదని, ఐరీన్ పోయాక ఈ ఇంట్లో తనను ఎల్డన్ అని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేకపోయినా, గుమ్మం దగ్గర ఎదురుచూసేది ఒకటుందని, అదొక్కటే ఉందని నెమ్మదిగా చెప్పాడు. అది నాకు తెలియని సంగతి కాదు. తెలియనిది ఒక్కటే ఉంది. అది అడిగాను.

"జిగ్స్‌ని చంపకముందే తెలుసా మీకు?"

ఆయన ముఖం మీద చెయ్యి వేసుకున్నాడు.

"ముందురోజే చూశాను. టిప్ నోట్లో ఉన్ని ఉంది. రూబెన్ వచ్చినప్పుడు చెబుదామనుకున్నా. వాడు ఒక్క మాటా అనకుండా కుక్కను తీసుకుని నడిచాడు. అయిపోయాక ఇంకేం చెప్పను? నీ కుక్క ఏ పాపం ఎరగదురా, కాల్చాల్సింది నా కుక్కని అని చెప్పనా?"

"అవును. చెప్పాల్సింది."

"రూబెన్ గట్టివాడు. నేను కాదు."

"కర్టిస్ నా గొర్రెల్ని అమ్మేద్దామంటున్నాడు మామయ్యా. నన్ను ఆ ట్రైలర్‌లోకి వచ్చెయ్యమంటున్నాడు. మీరు నా చేత గాల్లోకి కాల్పించారు."

తల ఊపాడు. ఒప్పుకుంటే సరిపోతుందా అని అడగబోయాను, అంతలో ఆయనే అన్నాడు. "నావల్ల కాదమ్మా. నువ్వు కాల్చు. ఇప్పుడు సరిగ్గా కొడుతోందిగా."

ఆ మాటకు నాలో ఏదో చల్లబడిపోయింది. ఇన్నాళ్లు గురి తప్పించిన మనిషి, గురి కుదిరాక ఆ బరువు నా భుజం మీద పెడుతున్నాడు. ఐరీన్ కుక్కను నేను కాల్చాలి. కాల్చకపోతే గొర్రెలు పోతాయి. కాలిస్తే ఈ ముసలాయన, నేనూ, ఒకే బల్ల దగ్గర ఇంకెన్నేళ్లు అన్నం తినాలో దేవుడికే తెలియాలి. ఆలోచించడానికి కాస్త సమయం దొరికినా బాగుండేది. దొరకలేదు, వాకిట్లో పికప్ ఆగిన చప్పుడైంది.

రూబెన్. జిగ్స్ పోయాక మా వాకిట్లోకి రావడం అదే మొదటిసారి. పొద్దున తుపాకీ చప్పుళ్లు విన్నానని, కయోటీ పడిందేమో చూసిపోదామని వచ్చానని, పడకపోతే గట్టు మీద నీతోపాటు నేనూ కూర్చుంటానని, రెండు కళ్లకంటే నాలుగు కళ్లు నయం కదా అని అన్నాడు. చంకలో కాఫీ ఫ్లాస్కు ఉంది. మూడు కప్పులు తెచ్చాడు. మాతో మళ్లీ మామూలుగా ఉండాలని ఆ మనిషి ఇల్లు వదిలి వచ్చాడని ఆ కప్పులు చూస్తే అర్థమైంది. చిన్నగా నవ్వి, తుపాకీ కుదిరిందా అని అడిగాడు. కుదిరింది రూబెన్ గారూ, ఈ పొద్దునే గురి సరిచేశాను అన్నాను. తుపాకీ నా భుజానికి వేలాడుతోంది. బ్యారెల్‌లోకి గుండు ఎక్కించి లేదు, కానీ కింద మ్యాగజైన్ నిండుగా ఉంది.

మామగారు కొట్టం గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఏదో చెప్పబోతున్నట్టు టోపీ తీశాడు. చెబుతాడనే అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

అప్పుడు వాగు వైపు నుంచి టిప్ పరిగెత్తుకొచ్చింది. మెడకు తెగిన తాడు, నాలుక వేలాడుతూ, మంచి పని చేసొచ్చిన కుక్క ఎంత సంతోషంగా ఉంటుందో అంత సంతోషంగా వచ్చింది. మామగారి దగ్గరకు పోలేదు, నా దగ్గరకూ రాలేదు. నేరుగా రూబెన్ దగ్గరకు వెళ్లి, కుక్క లేని ఆ మనిషి చేతి కింద తల దూర్చింది.

రూబెన్ అలవాటుగా దాని చెవుల వెనక గోకాడు. గోకుతూ గోకుతూ ఆగాడు. వంగి, దాని పెదవి పక్కన అంటుకున్న ఉన్ని పోగును రెండు వేళ్లతో తీశాడు. ఎర్రగా తడిసి ఉంది. తల ఎత్తి కొట్టంలో రెయిలింగ్ మీదున్న చర్మాన్ని చూశాడు. తర్వాత మామగారిని చూశాడు. మామగారు కళ్లు దించుకున్నాడు. అంతకంటే చెప్పాల్సింది ఇంకేం మిగల్లేదు.

ఆ పోగును చొక్కా జేబులో పెట్టి, బొత్తాం పెట్టుకున్నాడు రూబెన్. కాఫీ ఫ్లాస్కు పికప్ ముందు భాగం మీద పడిపోకుండా జాగ్రత్తగా నిలబెట్టాడు, దాని పక్కన మూడు కప్పులూ పెట్టాడు. అప్పుడు నా వైపు చెయ్యి చాపాడు, కళ్లు మాత్రం మామగారి మీద నుంచి తియ్యకుండా.

"గురి సరిచేశానన్నావుగా అమ్మా," అన్నాడు, "ఒకసారి ఇలా ఇయ్యి."